ఎవరి మూర?

మనిషికీ బట్టకూ కుదరనప్పుడు తప్పు ఎవరిది? పెళ్ళిబట్టల దుకాణాల్లో నిలువుటద్దాలు వెలసిన నాటి నుంచీ ఈ ప్రశ్న వాటి ముందే నిలబడి ఉంది. జవాబు చెప్పవలసినవాళ్ళు టేపు మెడలో వేసుకొని పక్క గిరాకీ దగ్గరికి వెళ్ళిపోవడమే తప్ప, ఇంతవరకూ ఎవరూ నోరు విప్పలేదు.

"సార్ ఇందులో పట్టరు మేడం," అన్నాడు సేల్స్‌మన్.

ఆ మాట అతను పెళ్ళికొడుకుతో అనలేదు. పక్కన కుర్చీలో కూర్చున్న పెళ్ళికొడుకు అక్కతో అన్నాడు, సామాను గురించి దాని యజమానితో మాట్లాడినట్టు.

అక్క పెళ్ళిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. వాక్యంలో క్రియ ఎవరి నెత్తిన వాలుతోందో కనిపెట్టడం ఆమెకు అన్నం పెట్టే పని. చొక్కా నాకు పట్టలేదంటారు మనవాళ్ళు. చెప్పు పట్టలేదంటారు, ఉంగరం పట్టలేదంటారు. కుదరని తప్పును వస్తువు మీద వేసి మనిషిని మర్యాదగా వదిలేసే మాట అది. ఈ పెద్దమనిషి దాన్ని ఒక్క ప్రత్యయంతో తిరగేశాడు. అచ్చులో వచ్చి ఉంటే ఆమె ఎర్రసిరాతో గీత గీసేది. నోటి మాట మీద గీత గీసే కలం ఎక్కడా దొరకదు.

అద్దం ముందు బుజ్జి రెండు చేతులూ దంతపురంగు షేర్వాణిలో మోచేతుల దాకా ఇరికించుకొని, అటు తొడుక్కోలేక ఇటు విప్పుకోలేక నిలబడి ఉన్నాడు. పుట్టినప్పుడు చిన్న తువ్వాలులో ఇమిడిపోయేంత ఉన్నాడని ఇంట్లో పెట్టిన ముద్దుపేరు అది. ఇప్పుడు ఎవరైనా బుజ్జీ అని పిలిస్తే, విన్నవాళ్ళు అతని వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూస్తారు.

"అక్కా, ఎక్కడైనా పొలం ఉంటే చూడు. ఇలాగే వెళ్ళి నిలబడతా. ఒక్క పిట్ట వాలదు," అన్నాడు అద్దంలోంచి.

సేల్స్‌మన్ నవ్వాడు. టేపు మెడలో వేసుకున్నవాళ్ళంతా నవ్వారు. బుజ్జి ఎప్పుడూ ఇంతే. ఎదుటివాడి పెదవి వంకర తిరగబోతోందని కనిపెట్టగానే ఆ హాస్యం తానే ఆడేస్తాడు. అవతలివాడికి ఆడటానికేమీ మిగలనివ్వడు.

పెళ్ళికూతురి పిన్ని మాత్రం నవ్వలేదు. ఈ పెళ్ళిలో ఎవరేం వేసుకోవాలో నిర్ణయించే బాధ్యత ఆవిడ భుజానికెత్తుకుంది. పెళ్ళికొడుకుకు దంతపురంగు షేర్వాణి, వచ్చే మగవాళ్ళకు లేత ఆకుపచ్చ కుర్తాలు, ఆడవాళ్ళకు అదే రంగు అంచున్న చీరలు. ఫొటో చూస్తే తోట చూసినట్టుండాలని ఆవిడ కోరిక. అతిథులకు ఈ రంగులు విన్నవించే వాక్యాన్ని పత్రికలో చేర్చించి, ప్రూఫు అక్క చేతే దిద్దించింది కూడా.

"ఇంతకంటే పెద్దది లేదా బాబూ?" అని అడిగింది పిన్ని.

"కంపెనీవాళ్ళు ఇంతకంటే కుట్టరండి. పక్కలు విప్పినా లోపల గుడ్డ లేదు. కొత్తగా చేయించాలంటే ఈ పనితనానికి నెలలు పడతాయి." అతను బుజ్జిని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. "పెళ్ళికింకా టైముందిగా. సారే కొంచెం తగ్గితే సరిపోతుంది."

"తగ్గుతారు. అమ్మాయి ఈ జత చూసి ఎంత ముచ్చటపడిందో. అల్లుడుగారూ, ఆ మాత్రం పట్టుదల ఉండాలి మరి."

"తగ్గుతా పిన్నిగారూ," అన్నాడు బుజ్జి. ఈసారి హాస్యమాడలేదు.

అతను షేర్వాణిలోంచి బయటపడటానికి ఇద్దరు మనుషులు సాయం పట్టవలసి వచ్చింది.

ఆ మర్నాటి నుంచి బుజ్జి పళ్ళెం ముందు కూర్చోవడం మానేశాడు. అమ్మ పిలిస్తే బయట తిన్నానంటాడు. బయట ఎవరైనా పిలిస్తే ఇంట్లో తిన్నానంటాడు. అతని ముఖం కాస్త వాడితే చుట్టాలు సంబరపడ్డారు. "కళ వచ్చిందిరా," అన్నారు. ఆకలికి ఆ పేరు కూడా ఉందని అక్క అప్పుడే తెలుసుకుంది.

ఆ వారంలోనే ప్రెస్సు ఉన్న భవనంలో లిఫ్ట్ ఆగిపోయింది. బాగుచేయడానికి వచ్చింది బుజ్జే. లిఫ్టుల పని అతని వృత్తి. బరువైన మనిషి ఎక్కితే ఆగిపోతుందేమోనని జనం భయపడే యంత్రాన్ని, ఆ ఊళ్ళోకెల్లా బరువైన మనుషుల్లో ఒకడు నడిపించి చూపిస్తుంటాడు. ప్రెస్సు గుమాస్తా మెట్ల మీద నుంచే మొదలుపెట్టాడు.

"ఏం మేస్త్రీ, నువ్వెక్కి ఆపేసి, మళ్ళీ నువ్వే వచ్చి బాగుచేస్తావా? బాగుంది వ్యాపారం."

"నేనెక్కినా కదిలిందంటే ఇంక మీరెంతమంది ఎక్కినా కదులుద్ది. కంపెనీ ఇచ్చే గ్యారంటీ కాగితం ఏముంది, నేనే గ్యారంటీ."

అక్క ప్రూఫుల కట్ట పట్టుకొని గడపలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. తమ్ముడు పని చేస్తుండగా ఆమె ఎన్నడూ ఇంత దగ్గరగా చూడలేదు. కరెంటు తీసి, మీట మీద అట్ట వేలాడదీసి, తలుపు తాళం విప్పి, అతను లిఫ్టు పెట్టె పైకప్పు మీదికి దిగాడు. అంత శరీరమూ పిల్లి దిగినట్టు చప్పుడు లేకుండా దిగింది. పాతగుడ్డ ముక్క ఒకటి గుప్పిట్లో పట్టుకొని ఇనుపతాడు వెంబడి మెల్లగా జార్చాడు. తాడులో ఒక్క పోగు తెగి ఉన్నా అది గుడ్డను పట్టుకుంటుంది. కంటికి కనిపించనిది గుడ్డకు తెలుస్తుంది. ఒక తాడు అయ్యాక ఇంకో తాడు. ఒకచోట గుడ్డ ఆగింది. అతను అక్కడ బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకొని, ఆ పోగును వెతికి పట్టుకున్నాడు. పదిమంది ప్రాణాలు రోజూ ఆ తాడుకు వేలాడుతుంటాయి. వాళ్ళలో ఒక్కరికీ ఈ బొటనవేలి సంగతి తెలియదు.

ఆ తరువాత పానా కోసం చెయ్యి చాపాడు. పానా అందుకున్నాడు. అది అతని చేతిలోంచి జారింది.

షాఫ్టు గోడలకు తగులుతూ, ఒక్కో అంతస్తులో ఒక్కో రకంగా మోగుతూ, అది అడుగు గుంటలో పడింది. ఆ మోత ఆగేలోపే తోటి మెకానిక్, తల నెరిసిన మనిషి, గభాల్న వంగి బుజ్జి నడుముకున్న బెల్టును రెండు చేతులా పట్టుకున్నాడు. బుజ్జి ఇనుపతాడును కౌగిలించుకొని తల దానికి ఆనించి ఉన్నాడు.

"నేనీ మేస్త్రీతో ఎన్నాళ్ళ నుంచో చేస్తున్నానమ్మా," అన్నాడు ఆ పెద్దాయన, బుజ్జిని మెట్ల మీద కూర్చోబెట్టాక. "చేతిలోంచి పానా జారడం ఇదే చూడటం. పొద్దున్నుంచి నీళ్ళు తప్ప ఏం పోలేదు లోపలికి. పానా పోతే ఇంకోటి తెచ్చుకుంటాం."

మిగతా సగం వాక్యం అతను చెప్పలేదు. అక్కకు చెప్పించుకోవలసిన అవసరమూ లేదు.

ఆమె తన డబ్బా తెరిచి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. అతను అన్నం వైపు చూసి మూత పెట్టేశాడు.

"అందులో పట్టాలక్కా."

"పట్టకపోతే?"

"పట్టకపోతే నవ్వుతారు. నన్ను చూసి నవ్వితే నాకేం, అలవాటే. పెళ్ళిలో నేనొక్కణ్ణే ఉండనుగా. ఆ అమ్మాయి పక్కన ఉంటుంది. నన్ను చూసి నవ్వి, తర్వాత ఆ అమ్మాయి వైపు చూస్తారు. పాపం అన్నట్టు చూస్తారే, ఆ చూపు." అతను డబ్బా అక్క చేతిలో పెట్టాడు. "అది మాత్రం పడకూడదు."

అక్క సెలవు పెట్టి తిన్నగా పెళ్ళికూతురు పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. పేర్చిన ప్రతి మాటా పదునుగానే ఉంది.

పెళ్ళికూతురు బల్ల వెనక నిలబడి ఒక ఫ్రేము వంచుతోంది. ఎదురుగా పెద్ద తలకాయ ఉన్న ముసలాయన చెవుల వెనక రుద్దుకుంటున్నాడు. ఆమె ఫ్రేము కాడను వేడిగాలి ముందు పట్టి, మెత్తబడ్డాక రెండు వేళ్ళతో వంచి, చల్లారనిచ్చి, ఆయన చెవి మీద పెట్టి చూసింది. తీసింది. మళ్ళీ వేడిచేసింది.

"నా బుర్రే అంతమ్మా. మా ఆవిడ ఎప్పుడూ అంటుంది, గుమ్మడికాయని."

"మీ తలకేం తాతగారూ, చక్కగా ఉంది. ఫ్రేమే ఇరుకు. దీన్ని దారికి తెస్తానుండండి."

అక్క పేర్చుకున్న మాటలన్నీ అక్కడే కూలిపోయాయి. ముసలాయన వెళ్ళేదాకా ఆగి, నెమ్మదిగానే అడిగింది.

"ఆ షేర్వాణి నువ్వు ముచ్చటపడి ఎంచుకున్నదేనా?"

"నేనా? ఆయన ముచ్చటపడ్డారని పిన్ని చెప్పింది వదినా. సరే, ఆయన సరదా అనుకున్నా."

"నువ్వు ముచ్చటపడ్డావని మాకు చెప్పింది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత అక్క పానా సంగతి చెప్పింది. పెళ్ళికూతురు చేతిలోని గుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా కుర్చీలో కూర్చుంటూ, 'విరిగితే కొత్తది నేనే కొంటా'నన్నారు. ఇంట్లో అందరూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు వదినా. ఎన్నిసార్లు ఎంతమంది అంటే అంత త్వరగా ఆ మాట నోట్లోకి వచ్చి కూర్చుంటుందో కదా అనిపించింది." ఆమె తల ఎత్తింది. "పంచె కట్టుకుంటారేమో అడగండి. కుట్టని బట్టకి సైజేముంటుంది?"

అంత తేలిగ్గా తేలిపోతుందని అక్క కూడా అనుకుంది.

మేనమామ పంచెలు కొనుక్కొచ్చాడు. ఆయన కూడా భారీ విగ్రహమే. జీవితంలో ప్యాంటు తొడుక్కోనని భీష్మించుకున్న మనిషి. మామా అల్లుళ్ళు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అక్క బయట నిలబడి వింది.

"ఇదేంటి మామయ్యా, దీనికి అంటుకునే పట్టీ ఉంది?"

"రెడీమేడ్ రా. ఈ రోజుల్లో అందరూ ఇవే. చుట్టేసి అంటించుకోవడమే."

కాసేపటికి చర్రుమని చప్పుడైంది.

"అంటుకోలేదు."

"అది పంచె కాదులే, పంచె వేషం వేసిన లాగు. దాన్నవతల పారెయ్. ఇదిగో అసలైనది, ఎనిమిది మూరల పంచె. బొడ్డు దగ్గర ముడెయ్. ఊపిరి బిగబట్టకు. బిగబట్టి కడితే వదలగానే జారుద్ది. ఆ కొస కాళ్ళ మధ్య నుంచి వెనక్కివ్వు, గోచీ దోపుతా."

"అందిందా?"

"అందలేదురా."

"ఇప్పుడు?"

"నేను వంగోవాల్సింది పోయి నువ్వెందుకు వంగుతున్నావ్? నిటారుగా ఉండు. ఊహూ. జానెడు చాలట్లేదు."

తలుపు తెరుచుకుంది. బుజ్జి లుంగీలోనే బయటికి వచ్చాడు. "పంచెకి కూడా పట్టలేదక్కా," అన్నాడు నవ్వుతూ. కింది పెదవి మాత్రం నవ్వులో చేరలేదు.

అక్క నేల మీద పడి ఉన్న పొట్లం అట్ట తీసింది. అచ్చులో ఏది కనిపించినా చదవడం ఆమెకు అలవాటు. మేలిరకం నూలు. జరీ అంచు. ఎనిమిది మూరలు. ఆమె చూపు ఆ చివరి మాట దగ్గర ఆగింది. ఎవరైనా అలాంటి మాట రాసి తెస్తే ఆమె పక్కన మార్జిన్లో ఒక ప్రశ్న రాస్తుంది. ఆ ప్రశ్నే పైకి అంది.

"ఎవరి మూర?"

"అదేం ప్రశ్నే?" అన్నాడు మేనమామ.

"మూరంటే ఏంటి మామయ్యా?"

"మోచెయ్యి నుంచి నడిమివేలి కొసదాకా."

"ఎవరి మోచెయ్యి?"

మేనమామ తన చెయ్యి చాపి చూసుకున్నాడు. తరువాత మేనల్లుడి చెయ్యి పట్టుకొని తన చేతి పక్కన ఆనించాడు. అంత భారీ మనిషి చేతిని కూడా అల్లుడి చెయ్యి దాటి, వేళ్ళు బెత్తెడు ముందుకు వెళ్ళాయి.

"ఎవరు కట్టుకుంటే వాళ్ళదేరా," అన్నాడు ఆయన, తనకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతి అప్పుడే విన్నట్టు. "మా తాత తానులోంచి కొలిపించుకునేవాడు. చెయ్యి చాపి. ఎప్పుడు పోయిందో ఆ అలవాటు, పోయింది."

పొట్లం మీదున్న మూర ఏ కార్ఖానాలోనో గజాల బద్దకు కట్టుబడిన మూర. అది ఎవరి ఒంటి నుంచీ రాలేదు, కాబట్టి ఎవరి ఒంటికీ బాధ్యత పడదు. కొలతకు మనిషి పేరు పెట్టి, మనిషిని తీసేసి, పేరు మాత్రం మిగిల్చుకున్నారు.

మర్నాడు నలుగురూ తానుల దుకాణానికి వెళ్ళారు: అక్క, మేనమామ, బుజ్జి, పెళ్ళికూతురు. తెల్లని నూలు తాను, ఎర్రటి అంచు, దాని మీద సన్నని జరీ గీత.

"ఎన్ని మీటర్లు?" అన్నాడు దుకాణదారు కత్తెర పుచ్చుకొని.

"మీటర్లు కాదండి, మూరలు," అంది అక్క. "ఇతని మూరలు."

"ఇదేం గొడవండీ, మీటర్లలో చెప్తే కోసిస్తా కదా."

"మీ బద్ద మీ దగ్గరే ఉంచుకోండి. మా బద్ద మేం తెచ్చుకున్నాం," అన్నాడు మేనమామ, మేనల్లుడి వీపు తడుతూ.

బుజ్జి చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి తాను కొసన ఆనించి, చెయ్యి చాపాడు. సబ్బుకు లొంగని గ్రీజు అతని వేళ్ళ గీతల్లో సన్నగా నల్లగా ఉంది. మచ్చపడుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకోబోతే పెళ్ళికూతురు ఆ మణికట్టు పట్టుకొని బట్ట మీదే ఉంచింది. నడిమివేలి కొసన సుద్దతో గీత పెట్టింది. చెయ్యి జరిగింది. మళ్ళీ గీత. తాను విప్పుకుంటూ, బల్ల మీద నుంచి జారి, వాళ్ళ పాదాల మీద కుప్పగా పడింది. దుకాణదారు విసుగు ఏ గీత దగ్గర పోయిందో తెలియదు, ఆఖరి గీత దగ్గరికి వచ్చేసరికి అతనే వంగి బట్ట సర్దుతున్నాడు.

"ఈ మూరల మీద ఇంకో మూర వేసి కోయమంటారా?" అన్నాడు.

"వెయ్యండి," అన్నాడు బుజ్జి. అక్క గుర్తున్నంత వరకూ, తన ఒంటి కోసం ఇంకొంచెం కావాలని అతను అడగటం అదే మొదలు.

పిన్ని ఊరుకోలేదు. అక్కకు ఫోన్ చేసి, "తోటంతా పాడుచేశారమ్మా," అని వాపోయింది. పక్కనే ఉన్న పెళ్ళికూతురు ఫోను అందుకుంది. "తోటన్నాక చెట్టుండొద్దా పిన్నీ?" అంది. "ఆ షేర్వాణి ఏం చెయ్యను మరి?" అని మాత్రం అవతల నుంచి వినిపించింది.

దాన్ని పెళ్ళికూతురి అక్క మొగుడు తొడుక్కున్నాడు.

పెళ్ళినాడు హాలు నిండా ఆకుపచ్చలే. లేత ఆకుపచ్చ అన్న మాటను ఒక్కో కుటుంబం ఒక్కో విధంగా అర్థం చేసుకుంది. చిలకలున్నాయి, నాచు ఉంది, పెసలున్నాయి. కార్డును కళ్ళజోడు లేకుండా చదివిన ఒక పెద్దాయన ముదురు నీలంలో వచ్చి, అందరూ తననే ఎందుకు చూస్తున్నారో తెలియక అందరికీ నమస్కారం పెడుతున్నాడు. మగవాళ్ళు కాలర్లలో వేళ్ళు దూర్చి మెడలు తిప్పుకుంటున్నారు. షేర్వాణిలోని తోడల్లుడు, సన్నగా రివటలా ఉండే మనిషి, కింద కూర్చోలేక, వంగలేక, పెళ్ళి జరుగుతున్నంతసేపూ స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు.

గదిలో బుజ్జి తన పంచె తానే కట్టుకున్నాడు. మేనమామ చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డానని తరువాత అందరికీ చెప్పాడు. "బరువు ఎక్కడ వేలాడాలో, ఎక్కడ ఆగాలో వాడికి చెప్పాలా? ఒక్కసారి చూపిస్తే చాలు. కుచ్చిళ్ళు చూడండి, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి."

తలుపు తెరుచుకొని అతను బయటికి వచ్చినప్పుడు అక్క పూలపళ్ళెం పట్టుకొని ఎదురుగా ఉంది. ఆమె పళ్ళెం దించడం మరచిపోయింది. తెల్లని బట్ట నడుం చుట్టూ నిండుగా తిరిగి, కుచ్చిళ్ళు పాదాల మీదికి తిన్నగా దిగి, అడుగు వేసినప్పుడల్లా ఎర్రటి అంచు ఒకసారి విచ్చుకొని మూసుకుంటోంది. ఎడమ భుజం మీద కండువా. విశాలమైన ఛాతీ, దాని కింద గంభీరమైన పొట్ట, ఏదీ దాగలేదు. దాచవలసినదేదో ఉందని ఆ బట్టకు తెలియదు. చుట్టూ ఉన్న కుట్టుబట్టలన్నీ ఎవరి దగ్గరో బదులు తెచ్చుకున్నట్టు, ఇతనొక్కడే తన బట్టలో ఉన్నట్టు కనిపించాడు.

ఫొటోగ్రాఫర్ ముందుకు వచ్చాడు. "సార్, ఆ కండువా కొంచెం ముందుకి లాక్కోండి. పొట్ట కవర్ అవుతుంది."

అక్క తమ్ముడి వైపు చూసింది. ఇప్పుడు హాస్యమాడతాడు. కండువా చాలదు, దుప్పటి తెప్పించు అంటాడు. అందరూ నవ్వుతారు.

బుజ్జి ఆ మనిషి వైపు నిదానంగా చూశాడు.

"అక్కర్లేదండి," అన్నాడు. "ఇలాగే తియ్యండి."

అంతే. ఎవరూ నవ్వలేదు, నవ్వడానికి అక్కడేమీ లేదు. పెళ్ళికూతురు కళ్ళు దించుకొని ఉంది గానీ, ఆమె మెడ నిటారుగానే ఉందని అక్క చూసింది. అతను బాసింపట్టు వేసుకొని పీట మీద కూర్చున్నాడు. లేవమనేదాకా కదలలేదు.

భోజనాల వేళకు అతను వరసలో కూర్చున్నాడు, పక్కన పెళ్ళికూతురు. ఇన్నాళ్ళ ఆకలి. అతను తలవంచి, తొందర లేకుండా, పని చేసేటంత శ్రద్ధగా తింటున్నాడు. వరస కొస నుంచి చూపులు మొదలయ్యాయి. విస్తరి మీదికి, అక్కడి నుంచి నడుం మీదికి, అక్కడి నుంచి పెళ్ళికూతురి ముఖం మీదికి. వడ్డించే చుట్టం అతని ముందుకు వచ్చి గరిటె ఎత్తి ఆగాడు. సగమే ముంచిన గరిటె. "పెళ్ళికొడుకుగారికి కొంచెం చాలేమో," అన్నాడు ఎవరితోనో. బుజ్జి తల ఎత్తి చూశాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఆ గరిటె రేపు మీ చేతికి వస్తుంది. వచ్చే పెళ్ళిలోనో, ఆపై పెళ్ళిలోనో, అలాంటి మనిషి మీ ఎదురుగా విస్తరి ముందు కూర్చుంటాడు. అతని నడుం వైపు చూడకండి. పక్కనున్న ఆమె వైపు జాలిగా చూడకండి. గరిటె నిండా ముంచండి, అతను చాలనేదాకా వడ్డించండి.